ఎవరిదీ కాని అర మైలు

సమాధి రాళ్ళు చెక్కే అతని దగ్గర్నుంచి ఫోను వచ్చేసరికి ఆర్విల్లా కెసెల్, ట్వైలా నడిపే కాఫీ హోటల్లో, కిటికీ పక్క బల్ల దగ్గర ఒంటరిగా కూర్చుని ఉంది.

"నేల గడ్డకట్టిందంటే పునాది పోయలేనమ్మా" అన్నాడతను. "నవంబరు మొదటివారం దాటితే మళ్ళీ ఏప్రిలే. రాయి ఆగస్టు నుంచి నా షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. లారీ వెళ్ళే దారి చూపించండి చాలు, మర్నాడే తెచ్చి నిలబెడతాను."

"చూస్తున్నాను" అంది ఆర్విల్లా.

ఆ మాట ఆమె మార్చి నుంచీ చెబుతూనే ఉంది. భర్త మెర్ల్ ఫిబ్రవరి చివర్లో పోయాడు. టాలివర్ ఊరికి తూర్పున, ఎల్క్ వాగు దాటి అర మైలు వెళితే వచ్చే మిట్ట మీద శ్మశానం ఉంది. అక్కడే పూడ్చారు. రెండు వారాలు తిరక్కుండానే మంచు ఒక్కసారిగా కరిగింది. వాగు మీది కల్వర్టు కొట్టుకుపోయింది. శ్మశానానికి ఉత్తరం నుంచి వచ్చే మట్టిరోడ్డును మిస్సోరీ నది కోసుకుపోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్ళాలంటే కల్వర్టు ఉన్నచోట ఎవరో అడ్డంగా పడేసిన రెండు పలకల మీంచి నడిచి వెళ్ళడమొక్కటే దారి. మనిషి వెళ్ళగలడు. రాయి వెళ్ళలేదు.

సమాధి మీద ఇప్పటికి ఉన్నది అంత్యక్రియల వాళ్ళు గుచ్చిన రేకు పుల్ల. దాని తలమీద చిన్న అద్దం, అద్దం కింద పేరు రాసిన అట్టముక్క. వేసవి ఎండకి, వానకి ఆ అట్టముక్క తెల్లబోయింది. కిందటి ఆదివారం వెళ్ళి చూస్తే ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. పేరు లేకుండా మెర్ల్ ఒక చలికాలమంతా మంచు కింద పడి ఉండాలన్న తలపు ఆమెకు మింగుడు పడలేదు. నలభై ఏళ్ళు పిల్లల చేత పుస్తకాల అట్టల మీద పేర్లు రాయించిన మనిషి ఆమె.

ఫోను బల్ల మీద పెట్టి కాఫీ కప్పు అందుకోబోతుంటే, కౌంటరు దగ్గర నవ్వులు వినబడ్డాయి. మెడలో కెమెరా వేసుకున్న కొత్త మనిషి ఎవరో మెర్ల్ స్నేహితుడు ఓరిన్ హాస్ పక్కన కూర్చున్నాడు. పాత హైవేల చివర్లను ఫోటోలు తీసుకునే అలవాటున్నవాళ్ళు ఏడాదికి ముగ్గురో నలుగురో ఆ ఊరికి వస్తుంటారు. ఓరిన్‌కి వాళ్ళంటే పండగ.

"నూట తొంభై మూడో హైవే చివర చూడ్డానికి ఒహాయో నుంచి వచ్చావా?" అన్నాడు ఓరిన్. "ఏ చివర కావాలి నీకు? మా దగ్గర మూడున్నాయి."

"మూడా?"

"మొదటిది రేవు. నదిలో పడవ మీద కార్లు దాటించే రోజుల్లో రోడ్డు నీళ్ళ దాకా వెళ్ళేది. పడవ ఆపేశాక రాష్ట్రంవాళ్ళు చివరను వెనక్కి లాగి శ్మశానం నాలుగురోడ్ల దగ్గర పెట్టారు. అది రెండోది. మూడోది నీ నెత్తి మీదుంది, చూసుకో."

కొత్త మనిషి తలెత్తాడు. కాఫీ మిషను పైన గోడకి తెల్లటి రేకు బోర్డు వేలాడుతోంది. హైవే నంబరు, దాని పైన 'ఎండ్' అన్న మాట. ఒక మూల తుపాకీ గుండు తగిలిన చొట్ట.

"అది అందరి ఫోటోల్లోనూ ఉంటుంది బంగారం" అంది ట్వైలా, అతని కప్పు నింపుతూ. "నీ ఫోటోలో నేను కూడా పడాలంటే ఇంకో ఆపిల్ పై ముక్క తినాలి."

"అసలు సంగతేంటంటే," ఓరిన్ స్టూలు తిప్పుకుని కూర్చున్నాడు, "చివర శ్మశానం దగ్గరుంటే ఊరికేం లాభం? వచ్చినవాడు సమాధుల దగ్గర ఫోటో తీసుకుని తిరిగి పోతాడు. కాఫీ ఎవడు తాగుతాడు? అందుకని ప్రతి ఏడూ మొక్కజొన్న కోతలయ్యాక మేం నలుగురం వెళ్ళి బోర్డు పీక్కొచ్చి ఈ హోటలు ముందు పాతేవాళ్ళం. వసంతంలో రాష్ట్రంవాళ్ళు వచ్చి మళ్ళీ తీసుకెళ్ళి అక్కడ పాతేవాళ్ళు. వాళ్ళు తిట్టిందీ లేదు, మేం మానిందీ లేదు. క్రిస్మస్ చెట్టు లాగా, కాలం వచ్చిందంటే బోర్డు ఊళ్ళోకి రావాల్సిందే."

"మరి ఇక్కడికెలా వచ్చింది?"

"పెద్ద హైవే పడ్డాక దీని నంబరు తీసేశారుగా. రోడ్డును కౌంటీకి అప్పజెప్పడానికి ఆఫీసర్లు మర్నాడు వస్తున్నారని మాకు సాయంత్రం తెలిసింది. బోర్డు చూస్తే ఊరి నడిమధ్య ఉంది! ఒకటే వాన. మెర్ల్ పికప్పులో వేసుకుని బయల్దేరాం. వాగు దగ్గరికి వచ్చేసరికి..."

ఓరిన్ చూపు ఆర్విల్లా మీద పడింది. అతని చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఎలాగో తీసుకెళ్ళి పాతేశాంలే" అన్నాడు గబగబా. "మర్నాడు వాళ్ళొచ్చారు, చూశారు, పోయారు. తర్వాత మేం దాన్ని కోసుకొచ్చి ఇక్కడ తగిలించాం. ఆపిల్ పై బాగుందా?"

ఆర్విల్లా కప్పు కింద పెట్టింది. ఆ కథ ఆమె ఎన్ని విందుల్లో విన్నదో లెక్కలేదు. మెర్ల్ చెప్పేటప్పుడు అందరూ పొట్ట పట్టుకుని నవ్వే చోటు ఒకటుంది. పికప్పు వాగు ముందు ఇరుసు దాకా బురదలో దిగబడిపోవడం. మెర్ల్ కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ గిరగిరా తిప్పి, బురద ఎవరి ముఖాన ఎలా కొట్టిందో చూపించేవాడు. సరిగ్గా ఆ ముక్కనే ఓరిన్ ఎగరగొట్టాడు. ఓరిన్ ఏ కథనీ కుదించే మనిషి కాదు.

"రాష్ట్రం లెక్కలో మాత్రం చివరిరోజు దాకా చివర శ్మశానం నాలుగురోడ్ల దగ్గరే" అన్నాడు ఒహాయో మనిషి. "ఏ మ్యాపు చూసినా అదే ఉంది. పొద్దున వెళదామంటే వాగు దగ్గర బారికేడు పెట్టేశారు."

ఆర్విల్లా లేచి కౌంటరు దగ్గరికి వచ్చింది. "ఖాయంగా తెలుసా మీకు? శ్మశానం దగ్గరేనా?"

"రెండు రోజులు కారు నడిపి వచ్చానమ్మా ఆ నాలుగురోడ్ల కోసం. తెలియకుండా వస్తానా?"

"ఓరిన్, ఆ రాత్రి బోర్డు ఎక్కడ పాతారు మీరు?"

ఓరిన్ తన టోపీ కోసం వెతకడం మొదలుపెట్టాడు. టోపీ అతని తల మీదే ఉంది.

*

కౌంటీ రోడ్ల యార్డు కోర్టు భవనం వెనక ఉంది. ఆ ఆఫీసు మెట్లు ఆర్విల్లా పాదాలకి బాగా అలవాటయ్యాయి. రాష్ట్రం ఆఫీసుకి ఫోను చేస్తే, తీయటి గొంతున్న అమ్మాయి ఒకతె ప్రతిసారీ ఒకే ముక్క చెప్పేది: ఆ రోడ్డు మాది కాదండీ, కౌంటీకి ఇచ్చేశాం. కౌంటీకి వస్తే, మా రోడ్డు వాగుకి ఇవతలి గట్టుతో సరి, అవతల సంగతి రాష్ట్రాన్ని అడగండి అనేవాళ్ళు. జూన్‌లో కౌంటీ సభకి వెళ్ళి అందరి ముందూ నిలబడి మాట్లాడింది. సభ్యులు శ్రద్ధగా విన్నారు, చాలా విచారమన్నారు, కంకర టెండర్ల విషయంలోకి వెళ్ళిపోయారు.

రోడ్ల సూపరింటెండెంటు గార్త్ పోస్పిషిల్ నాలుగో తరగతిలో ఆమె దగ్గర చదువుకున్నాడు. ఇప్పుడు నెత్తి మీద జుట్టు లేదు, నడుము దగ్గర చొక్కా గుండీలు పట్టడం లేదు. అయినా ఆమె గదిలోకి రాగానే లేచి నిలబడతాడు.

"కూర్చోండి టీచరుగారూ."

"కూర్చోను. మీ రోడ్డు ఎక్కడ మొదలవుతుంది?"

"మళ్ళీ మొదటికొచ్చారా? వాగుకి ఇవతలి గట్టున."

"అక్కడే ఎందుకు? ఊరి పొలిమేర అక్కడ లేదు. నాలుగురోడ్లు అక్కడ లేవు. గట్టు మీద ఏముందని అక్కడ మొదలుపెట్టారు?"

గార్త్ మెడ రుద్దుకున్నాడు. "అక్కడే అప్పజెప్పారు. నా ముందు పనిచేసిన రాడెమాకర్ గారు, రాష్ట్రం ఇంజినీరు కలిసి కార్లో వెళ్ళారు. బోర్డు దగ్గర దిగి, ఇక్కణ్ణుంచి నీది అని ఆయనంటే, సరే నాది అని ఈయనన్నాడు. చేతులు కలుపుకున్నారు. వాన కురుస్తుంటే టేపు పట్టుకుని ఎవరు కొలుస్తారు చెప్పండి? బోర్డు ఎక్కడుంటే రోడ్డు చివర అక్కడే అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు."

"బోర్డు వాగుకి ఇవతలే ఉందన్నమాట."

గార్త్ కిటికీలోంచి బయటికి చూశాడు. యార్డులో పసుపుపచ్చ లారీ ఒకటి, చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు నింపుకుంటోంది.

"నాలుగో తరగతిలోనూ నీది ఇదే పద్ధతి" అంది ఆర్విల్లా. "జవాబు తెలియకపోతే నోటికొచ్చింది అనేసేవాడివి. తెలిస్తేనే కిటికీ వైపు చూసేవాడివి."

"టీచరుగారూ..."

"పికప్పు బురదలో దిగబడింది. దాటించలేక ఇవతలి గట్టునే పాతేశారు. పాతినవాడు మెర్ల్."

"ఆయనొక్కరే కాదు. ఓరిన్ కూడా ఉన్నాడు. మా నాన్న కూడా ఉన్నాడు."

ఆమె చెయ్యి కుర్చీ వీపు మీద పడింది. కూర్చోలేదు. "నీకు ముందే తెలుసు."

"ఊరందరికీ తెలుసండీ. కల్వర్టు కొట్టుకుపోయిన వారం రోజులకే లెక్క తేలింది. రాష్ట్రం ఇచ్చింది శ్మశానం దగ్గర్నుంచి. మేం పుచ్చుకుంది బోర్డు దగ్గర్నుంచి. మధ్యలో అర మైలు ఎవరి చేతుల్లోనూ పడలేదు. కానీ మీకెలా చెప్పమంటారు? వచ్చిన ప్రతిసారీ ఎవడి నిర్వాకం ఇది, ఎవడి నిర్వాకం అని అడుగుతారు. భర్తను మట్టిలో పెట్టి నెల తిరగని మనిషికి..."

"నెల కాదు. మార్చి నుంచి అక్టోబరు దాకా ఈ మెట్లెక్కించావు నా చేత."

"మీరేదో పని మీద తిరుగుతుంటే కాస్త తేరుకుంటారని ట్వైలా అంది. అందరూ సరేనన్నారు."

చెంప మీద కొట్టి ఉంటే ఆర్విల్లా ఇంతకంటే తేలిగ్గా ఓర్చుకునేది. ఊరంతా కలిసి, ప్రేమగా, నోళ్ళు కుట్టుకుని, ఆమె ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నారు. ఆమె ఆ తీయటి గొంతు అమ్మాయితో పోట్లాడుతుంటే అయ్యో అన్నారు. ఇంటికి కేకులు పంపారు.

"ఓరిన్ దగ్గర పాత గూడ్సు రైలు పెట్టె చట్రం పడి ఉంది" అంది చివరికి. "చుట్టుపక్కల రైతులందరూ వాగులు దాటేది వాటి మీదే. తెచ్చి ఈ వాగు మీద వేస్తానని అతను మేలో అడిగితే నువ్వు అనుమతి ఇవ్వలేదు."

"ఎలా ఇస్తాను? ఇచ్చానంటే అది నా రోడ్డని ఒప్పుకున్నట్టే. రేపు దాని మీద ఎవడి కాలు విరిగినా కౌంటీ మీద దావా వేస్తారు. సభ్యులు నన్ను ఇంటికి పంపుతారు."

"అయితే వద్దని రాసివ్వు. వద్దన్న కాగితం పట్టుకుని రాష్ట్రం దగ్గరికి వెళతాను."

"వద్దనాలన్నా అది నా రోడ్డయి ఉండాలి కదండీ. నాది కానిదాన్ని నేనెలా..."

గార్త్ ఆగిపోయాడు. నోరు కొంచెం తెరిచే ఉంది. బయట లారీ హారను మోగింది. అతను బల్ల చుట్టూ తిరిగి వచ్చి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అందుకే నన్ను అడక్కండి టీచరుగారూ" అన్నాడు మెల్లగా. "దణ్ణం పెడతాను. ఓరిన్‌ని కూడా అడగొద్దని చెప్పండి. ఆ వాగు గురించి ఇంక ఎవ్వరూ నన్నేమీ అడగొద్దు."

"అక్కడున్న బారికేడో?"

"అది మా గట్టు మీదుంది. అది మాత్రం మాదే."

ఆమె సెలవు తీసుకోకుండానే బయటికి వచ్చింది. కారులో కూర్చుని అతని మాటలు మళ్ళీ తలచుకుంది. కోపంలో ఉన్నవాడు అడగొద్దంటే ఒకలా ఉంటుంది. గార్త్ కోపంలో లేడు.

*

మధ్యాహ్నం వాగు దగ్గరికి వెళ్ళింది. బారికేడు పక్కగా దూరి, గట్టు దిగబోతూ ఆగింది. గడ్డిలో జానెడు ఎత్తున ఇనుప గొట్టం మొదలు ఒకటి నేలలోంచి పొడుచుకొచ్చి ఉంది. పైభాగాన్ని రంపంతో కోసినట్టుంది. వారం వారం ఆమె దాని పక్కనుంచే వెళుతోంది. ఒకసారి కాలికి తగిలి తూలింది కూడా. పాత కంచె గుంజ కాబోలు అనుకుంది.

పలకలు దాటి మిట్ట ఎక్కేసరికి మోకాళ్ళు సలుపుతున్నాయి. గాలికి ఎండిన మొక్కజొన్న ఆకులు ఎక్కడినుంచో కొట్టుకొచ్చి సమాధులకి అతుక్కుంటున్నాయి. రేకు పుల్ల పక్కకి ఒరిగింది. దాన్ని నిటారుగా గుచ్చింది. అద్దం కింద తెల్ల అట్ట.

"అర మైలు" అంది. "అర మైలు నడవడానికి బద్ధకించావు నువ్వు."

ఇంకా చాలా అనాలని వచ్చింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది కూడా. మీవాళ్ళంతా కలిసి నన్ను బొమ్మను చేసి ఆడించారు అందామనుకుంది. నీ ఎగతాళి నీ నెత్తికే చుట్టుకుంది చూడు అందామనుకుంది. తీరా నోరు తెరిస్తే గుర్తొచ్చింది వేరే. ఆ రాత్రి మెర్ల్ మోకాళ్ళ దాకా బురదతో వచ్చి వంటగది గుమ్మంలో పట్టా మీద నిలబడ్డాడు. లోపలికి అడుగు పెడితే ఆమె తంతుందని అతనికి తెలుసు. అక్కడే నిలబడి, ప్యాంటు విప్పి ఆమె చేతికిస్తూ, చేతులు గిరగిరా తిప్పుతూ మొదటిసారి ఆ కథ చెప్పాడు. ఆమె సింకు అంచు పట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఆ ఇంట్లో మళ్ళీ ఎప్పుడు నవ్వారో ఆమెకు గుర్తు లేదు.

కోపం పోలేదు. ఎవరి మీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు. రేకు పుల్లను ఇంకోసారి అదిమి దిగి వచ్చేసింది.

అట్నుంచి అటే ఓరిన్ పొలానికి వెళ్ళింది. అతను ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆమె బూట్లు చూసి బయటికి రాకుండా అక్కడే ఉండిపోయాడు.

"బయటికి రా ఓరిన్. పొద్దున టోపీ దొరికిందా?"

"దొరికింది" అన్నాడు కిందనుంచి. "గార్త్ చెప్పేశాడా?"

"నువ్వు చెప్పాల్సింది. నవ్వొచ్చే చోట కథ ఆపేసి ముఖం తిప్పుకున్నావు. మెర్ల్ ఉంటే నిన్ను ఆ కౌంటరు దగ్గర్నుంచి లేపేసేవాడు."

ఓరిన్ పాక్కుంటూ బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ఎక్కడో చూశాడు. "నువ్వక్కడ కూర్చుని ఉన్నావు. నోట్లోంచి రాలేదు ఆర్విల్లా. వాడు లేకుండా ఆ ముక్క చెప్పడం నాకు చేతకాదు కూడా."

ఆమె కొట్టం పక్కన పిచ్చిమొక్కల్లో, తుప్పెక్కి, పొడుగ్గా పడి ఉన్న గూడ్సు పెట్టె చట్రం వైపు చూసింది.

"అది ఇంకా గట్టిగానే ఉందా?"

"రైలింజను ఎక్కినా కదలదు. గార్త్ అనుమతి ఇచ్చాడా?"

"లేదు."

"వద్దన్నాడా?"

"అదీ లేదు. అడగొద్దన్నాడు."

ఓరిన్ గుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "కసురుకున్నాడా?"

"మర్యాదగా అన్నాడు. తలుపు తీసి పట్టుకుని మరీ అన్నాడు."

"కుర్చీలోంచి లేచి వచ్చి తలుపు తీశాడా?"

"లేచి వచ్చాడు."

ఓరిన్ చట్రం వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "ఓరి వీడి! మే నెల నుంచీ వాణ్ణి అడుగుతూ కూర్చున్నానే నేను!"

"నేనూ అంతే" అంది ఆర్విల్లా.

*

శనివారం పొద్దున్నే వాగు దగ్గర మూడు ట్రాక్టర్లు, ఒక తవ్వే యంత్రం చేరాయి. తలుపు మీద కౌంటీ ముద్ర లేని పాత పికప్పులో గార్త్ వచ్చాడు. విత్తనాల కంపెనీ టోపీ పెట్టుకున్నాడు. ఎవర్నీ పలకరించలేదు. బారికేడు దగ్గరికి వెళ్ళి బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏంట్రా అది?" అన్నాడు ఓరిన్.

"దీని రంగు వెలిసిపోయింది. తీసుకెళ్ళి వేయించాలి."

"శనివారం నాడా?"

"మిగతా రోజులు తీరికుండదు." వాగు వైపు వీపు పెట్టి బారికేడును పికప్పులోకి ఎక్కించుకున్నాడు. బయల్దేరబోతూ కిటికీ అద్దం దించాడు. "మా స్కూలు రోజుల్లో మాకు భౌతికశాస్త్రం చెప్పినాయన అనేవాడు, గట్టు మెత్తగా ఉంటే కొనల కింద కాంక్రీటు దిమ్మలు వేయాలని. ఊరికే గుర్తొచ్చింది." వెళ్ళిపోయాడు.

ఓరిన్ ఆ మాట పట్టించుకోలేదు. ఫలితం మధ్యాహ్నానికి తెలిసింది. చట్రాన్ని గొలుసులతో లాగి దించుతుంటే అవతలి గట్టు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి, ఒక కొన జారి నీళ్ళలో పడింది. ట్రాక్టరు కూడా దానితో పాటు వెళ్ళేదే. గొలుసు వదిలేశారు గనక సరిపోయింది. దాంతో నువ్వంటే నువ్వని గొడవ మొదలైంది.

"దిమ్మలు వేయమని వాడు చెప్పనే చెప్పాడు!"

"వాడు చెప్పలేదు. వాడికి గుర్తొచ్చిందంతే!"

"నీకు చెవులున్నాయా, టోపీ నిలబడ్డానికి పెట్టారా?"

ఆర్విల్లా గట్టు మీద మడత కుర్చీలో కూర్చుని ఇదంతా చూసింది. ముక్కుల్లోకి డీజిలు పొగ, కాళ్ళ కిందికి చలి. పడమటి నుంచి మబ్బు పడుతోంది. ఇంత దాకా వచ్చి ఇది కూడా చేజారిపోతుందా అని ఆమెకు భయమేసింది. చివరికి లేచి వెళ్ళి, నాలుగో తరగతి గది ముందు నిలబడినట్టు ట్రాక్టర్ల ముందు నిలబడింది.

"అరిచేవాళ్ళు వెళ్ళి దిమ్మలు తీసుకురండి. అరవనివాళ్ళు చట్రాన్ని పైకి లాగండి."

ఎవరింటి పునాదికి మిగిలిన దిమ్మలో తెచ్చారు. రెండోసారి దించినప్పుడు చట్రం కూర్చుంది. ట్వైలా పెద్ద గిన్నెతో బీన్సు, మాంసం వేసి ఉడికించిన చిల్లీ, తట్టనిండా దాల్చినచెక్క రొట్టెలు తెచ్చింది. చిన్నప్పుడు బడిలో తిన్నట్టే అందరూ రొట్టెను చిల్లీలో ముంచుకుని, నిలబడి తిన్నారు.

ట్వైలా ఒక గిన్నె ఆర్విల్లా చేతికిచ్చింది.

"ఆఫీసుల చుట్టూ తిరిగితే తేరుకుంటానన్నావట" అంది ఆర్విల్లా.

"తేరుకోలేదా బంగారం?"

"లేదు."

"కోపమైతే వచ్చిందిగా. మార్చిలో నీకు అది కూడా లేదు. నా హోటల్లో కూర్చుని గంటలకొద్దీ ఉప్పు డబ్బా కేసి చూసేదానివి."

ఆర్విల్లా రొట్టె తుంచింది. ట్వైలా అన్నది అబద్ధం కాదు. అలాగని క్షమించాలనీ అనిపించలేదు. "చిల్లీలో ఉప్పు తక్కువైంది" అంది.

*

నవంబరు మొదటివారంలో రాళ్ళ లారీ వచ్చింది. చట్రం ముందు ఆగి, రాళ్ళతను కిందికి దిగి, తుప్పు మీద బూటుతో తన్ని చూశాడు.

"ఇది ఎవరిదమ్మా?"

"ఎవరిదీ కాదు."

"మధ్యలో ఏమైనా అయితే ఎవర్ని అడగాలి?"

"ఎవర్నీ అడక్కండి" అంది ఆర్విల్లా. "మెల్లగా నడపండి, చాలు."

లారీ దాటింది. పునాది అంతకుముందు రోజే అతని మనుషులు పోసి వెళ్ళారు. రాయిని గొలుసుకి వేలాడదీసి దించుతుంటే ఆమె దూరంగా నిలబడింది. దాని మీద టార్పాలిన్ ఇంకా అలాగే కట్టి ఉంది.

అప్పుడే ఓరిన్ పికప్పు మిట్ట ఎక్కి వచ్చింది. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య, శుభ్రంగా కడిగి తుడిచిన తెల్లటి రేకు బోర్డు, కొత్త గొట్టం, గుంత తవ్వే పార. ఓరిన్ టోపీ తీసి చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"ట్వైలా ఇచ్చింది. మెర్ల్ కోసం... ఆ నాలుగురోడ్ల మూల, వాడికి ఇక్కణ్ణుంచి కనబడేలా పాతుదామని. అసలు చోటు ఇదేగా ఆర్విల్లా. ఆ ఒహాయో మనిషి కూడా చెప్పాడు."

ఆమె ఆ బోర్డు కేసి చూసింది. చొట్ట పడిన మూలను ఎవరో సుత్తితో సరిచేశారు.

"వెనక్కి తీసుకెళ్ళండి."

"వాడికి నచ్చేదే..."

"నచ్చేది. అందుకే వద్దంటున్నాను. మీరు దాన్ని కదిపినప్పుడల్లా ఇంకెవరో నడవాల్సి వస్తోంది. తీసుకెళ్ళి కాఫీ మిషను మీద పెట్టండి. మళ్ళీ దాన్ని ఎవరు ముట్టుకున్నా నేను ఊరుకోను."

వెనకున్న ఇద్దరూ, బెల్లు కాకముందే తరగతిలోంచి జారుకుంటూ దొరికిపోయిన పిల్లల్లా, బోర్డును నిశ్శబ్దంగా పికప్పులో పడుకోబెట్టారు. ఓరిన్ టోపీ పెట్టుకోకుండానే రాయి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

రాళ్ళతను టార్పాలిన్ తాళ్ళు విప్పాడు. "సరి చూసుకోండమ్మా. తప్పుంటే ఇప్పుడే చెప్పాలి."

ఆర్విల్లా కళ్ళజోడు తుడుచుకుంది. పిల్లల కాపీ పుస్తకం దిద్దేటప్పుడు చేసినట్టు, ఒక్కో అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. రాయి చల్లగా ఉంది. పేరు చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికి వచ్చింది.

"తప్పేం లేదు" అంది.

అతను తన పనిముట్లు సర్దుకోవడానికి లారీ దగ్గరికి వెళ్ళాడు. ఆమె వంగి ఆ రేకు పుల్లను నేలలోంచి పీకింది. తేలిగ్గా రాలేదు. మట్టి అప్పుడే బిగుసుకుంటోంది.

"అర మైలు, మెర్ల్" అంది, పుల్లకంటిన మట్టి దులుపుతూ. ఎవరైనా వింటే, ఆమె ఇంకా అతనితో దెబ్బలాడుతోందనే అనుకుంటారు.